వెనక లైటు



మన సంఘంలో ఒక తమ్ముడు ఈమధ్య తన ఆర్15 బండికి రియర్‌సెట్లు కొన్నాడు. తెలియనివారికి చెబుతాను: కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్గులు, బ్రేకు పెడలు, గేరు లివరు అన్నిటినీ కాస్త వెనక్కీ పైకీ జరిపే ప్లేట్లు అవి. రేసుల్లో బండిని బాగా వంచినప్పుడు పెగ్గు నేలకు రాసుకోకుండా వాడతారు. మన ఊరి గుంతల్లో ఎందుకో గానీ, వయసు అలాంటిది. నేనూ ఒకసారి ఎక్కి చూశాను, మోకాళ్లు వద్దన్నాయి.

యూట్యూబు చూసి తనే బిగించుకున్నాడు. ఆ రాత్రి కూడిక ముగించుకుని వస్తుంటే అతను ముందు, నేను స్ప్లెండర్ మీద వెనక. మట్టిరోడ్డు మీద గేదె అడ్డం వచ్చింది. ఇసుకలో ముందు బ్రేకు నొక్కితే జారుతుందని కాలి బ్రేకు ఒక్కటే తొక్కాడు. ఎర్ర లైటు వెలగలేదు. నేను హ్యాండిల్ పక్కకు తిప్పి పొలంగట్టు ఎక్కేశాను. ఇద్దరం బతికాం, దేవునికి స్తోత్రం.

తెల్లారి విప్పి చూశాం. పెడలుకీ లైటు స్విచ్చికీ మధ్య ఉండే చిన్న స్ప్రింగు తగిలించకుండానే వదిలేశాడు. "చేతి బ్రేకుకి వెలుగుతోంది కదా అయ్యగారూ, అనుమానం రాలేదు" అన్నాడు. రెండు బ్రేకులకూ స్విచ్చులు వేరు మరి. పెడలుకి ప్లే కూడా లేదు. అలా వదిలేస్తే బ్రేకు పట్టేసి డిస్కు వేడెక్కిపోతుంది. పుష్‌రాడ్డు తిప్పి కొద్దిగా ప్లే ఇచ్చాం, గేరు రాడ్డు నట్లు బిగించాం, బోల్టులకు లాక్‌టైట్ పూశాం.

నాకు సిగ్గేసిన సంగతి ఒకటుంది. కూడికకు ముందు బండి చుట్టూ తిరిగి బాగుందని మెచ్చుకున్నాను గానీ, ఒక్కసారి బ్రేకు తొక్కి చూపించమనలేదు.

ఇప్పుడు బయల్దేరే ముందు పెడలు తొక్కి, "అయ్యగారూ, వెలిగిందా?" అని కేకేస్తాడు. వెనక నిలబడి చూసి చెబుతాను.