నాయనమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

మా ఇంటి సంగతి రాస్తున్నాం, మీలో ఎవరికైనా పనికొస్తుందని.

మాది పాడేరు వైపు కొండ మీద చిన్న ఊరు. తాత కట్టిన మట్టి ఇల్లు. గూన పెంకులు, ముందు పంచ, పొయ్యి మీద అటక. నాన్నకి పక్కా ఇల్లు మంజూరైంది. మన కొండ ప్రాంతాలకి పీఎంఏవై గ్రామీణ్ కింద వచ్చేది 1.30 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. పాతది కూల్చి అక్కడే కడదామన్నారు నాన్న. మేం అన్నదమ్ములం ముగ్గురం సరే అన్నాం. నిజం చెప్పాలంటే, ఆ ఇంటికి కాలేజీ ఫ్రెండ్స్‌ని పిలవడానికి సిగ్గుపడినవాళ్ళమే మేం.

నాయనమ్మ ఒక్కటే అడిగింది: "మరి ఇత్తనాలు ఎక్కడెడతార్రా?"

మా దగ్గర జవాబు లేదు. అటక మీది చోళ్ళు, సామలు, జొన్న కంకులు పొయ్యి పొగకే పురుగు పట్టకుండా ఉంటాయి. వాసాలకూ ఆ పొగే కాపలా. సరే, కొత్త ఇల్లు పెరట్లో కట్టుకుని, పాతది బాగుచేద్దాం అనుకున్నాం.

మొదటే తప్పు చేశాం. గట్టిగా ఉంటుందని వెనక గోడకి సిమెంటు పూయించాం. ఒక్క వానాకాలానికే ఉబ్బి, పెచ్చులుగా ఊడిపోయింది. నాయనమ్మ చూసి, "మట్టిగోడ తడి తాగుతాది, మళ్ళీ ఆరుతాది. మీరు సిమెంటు కప్పీసినారు, ఇంకెలగ ఆరుతాది?" అంది.

ఈ వేసవిలో అదంతా గీకేశాం. ఎర్రమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి నానబెట్టి, కాళ్ళతో తొక్కి, రెండుసార్లు మెత్తాం. చెదలు తిన్న రెండు స్తంభాలు మార్చి, అడుగున రాళ్ళు పెట్టాం. పగిలిన పెంకుల బదులు, ఊళ్ళో కూల్చేసిన ఇళ్ళ పెంకులు దొరికాయి. దారి పక్కన కుప్పగా పడున్నాయి, ఎవరూ అడగట్లేదు. వాటిని ఏరుతుంటే ఏ పెంకు ఎవరింటిదో నాయనమ్మ చెబుతూనే ఉంది.

అన్నీ పాతవే ఉంచలేదు. చీకటి గదికి కిటికీ పెట్టాం, కరెంటు వైర్లు పైపుల్లో వేశాం, స్నానాల దగ్గర సిమెంటు గచ్చు చేశాం. పొయ్యి, అటక, పంచ మాత్రం కదపలేదు.

మొన్న ఫ్రెండ్స్ వచ్చారు. పెరట్లో స్లాబు ఇల్లు ఉన్నా, ఎండకి అందరూ పంచలోనే పడుకున్నారు.

మీ ఇల్లు కూల్చే ముందు పెద్దవాళ్ళతో ఒక పూట కూర్చోండి. కూల్చక తప్పదంటే, పెంకులైనా దాచండి.