మొక్క సరే... చోటెవరిది?

ఏఎస్ రావు నగర్ మెయిన్‌రోడ్డుకు ఆదివారం కూడా సెలవుండదు. బట్టల షోరూములు, టిఫిన్ సెంటర్లు, ఈసీఐఎల్ చౌరస్తా వైపు దూసుకుపోయే బస్సులు. అదే, రోడ్డు దిగి రెండు వీధులు లోపలికెళితే వేరే ఊరొచ్చామా అనిపిస్తుంది. గేటుకో వేపో, మామిడో, పారిజాతమో. 1967లో మొదలైన ఈసీఐఎల్‌కు తొలినాళ్లలో సారథ్యం వహించిన శాస్త్రవేత్త డాక్టర్ ఏఎస్ రావు పేరు పెట్టుకుని, ఆ సంస్థ ఉద్యోగులు కట్టుకున్న కాలనీ ఇది. పొద్దున్నే పైపు పట్టుకుని చెట్లకు నీళ్లు పెడుతున్న రిటైర్డ్ ఇంజినీర్లు ఇప్పటికీ కనిపిస్తారు.

మా అపార్ట్‌మెంటు అలాంటి ఓ పాత ఇంటి చోట లేచిందే. కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఇంటింటికీ మొక్కలు పంచారు. మాకు ఓ నేరేడు, ఓ ఉసిరి వచ్చాయి. ఎక్కడ నాటాలి? వెనకాల సంపు, ముందంతా పార్కింగు. ‘ఎవరైనా తమ స్లాట్‌లో రెండడుగులు వదిలితే...’ అని సెక్రటరీగారు మీటింగులో అన్నారో లేదో, అందరం ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టాం. నాతో సహా! పదిరోజులు లిఫ్టు పక్కన పడి ఉన్నాక పక్కవీధి పెద్దాయన వాటిని తీసుకెళ్లి తన ప్రహరీ లోపల నాటుకున్నారు.

2025 వానాకాలంలో కాగజ్‌నగర్ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆ మీటింగు గుర్తొచ్చింది. రెండడుగుల చోటుకే మేం అంత ముడుచుకుపోయాం. ఉన్న మూడెకరాల్లోనూ మొక్కలు నాటేస్తామని ట్రాక్టరు వస్తే?

సికింద్రాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. కాజీపేట, పెద్దపల్లి దాటేదాకా వరిచేలు. రామగుండంలో పొగగొట్టాలు. గోదావరి దాటితే మంచిర్యాల. బెల్లంపల్లి తర్వాత గుట్టలు, టేకుచెట్లు దగ్గరికొస్తాయి. దిగేది కాగితం పేరున్న ఊళ్లో. నిజాం కాలం నాటి పేపరు మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చి మళ్లీ తెరుచుకుంది. మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర కావాలి. కొనేవాడున్నాడంటే రైతు తనంతట తనే చెట్లు నాటుతాడు. పేపరు మిల్లులున్న చోటల్లా తెలుగు రైతులు చేసిన పనే అది.

పట్టణం దాటి కాస్త లోపలికెళితే పోడు భూములు మొదలవుతాయి. పత్తి, మధ్యలో కంది సాళ్లు. చేల నడుమ ఇప్పచెట్లు ఠీవిగా నిలబడి ఉంటాయి. చుట్టూ అడవి నరికినా ఇప్పను మాత్రం గొడ్డలి ముట్టదు. వేసవిలో పువ్వు, తర్వాత గింజ... అది ఇంటి ఆదాయం. ‘మొక్కలొద్దని ఎవలన్నరు సారూ? మా చేన్ల వద్దంటున్నం’ అన్నాడొక రైతు, పొలం అంచున అటవీశాఖ తవ్విన కందకం చూపిస్తూ. కందకానికి అవతల టేకు మొక్కలు, ఇవతల ఆయన పత్తి. అవతలిది కూడా ఒకప్పుడు తానే దున్నానంటాడు.

తెలంగాణకు హరితహారం 2015 జులైలో మొదలైంది. రాష్ట్రంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి చేర్చాలనీ, 230 కోట్ల మొక్కలు పెంచాలనీ లక్ష్యం. 2018 పంచాయతీరాజ్ చట్టమైతే నాటినవాటిలో 85 శాతం బతికించే పూచీ పంచాయతీ మీద పెట్టింది. రోడ్ల వెంట, బడుల్లో, చెరువుగట్ల మీద ఇదంతా బాగానే ఉంది. చిక్కంతా అటవీశాఖ రికార్డుల్లో అడవిగానూ, కళ్లముందు చేనుగానూ ఉన్న నేల దగ్గరే వచ్చింది.

2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో ఆ చిక్కు దేశమంతా టీవీల్లో చూసింది. మొక్కల కోసం నేల చదును చేయించేందుకు వచ్చిన మహిళా రేంజి అధికారి ట్రాక్టరెక్కి నిలబడితే, కర్రలతో కొట్టారు. కాళేశ్వరం ప్రాజెక్టుకు పోయిన అడవికి బదులుగా అక్కడ చెట్లు పెంచాలన్నది అధికారుల మాట. ఎక్కడో నీళ్ల కోసం పోయిన అడవి అప్పు ఇక్కడి చేను తీర్చాలా అని పల్లె అడిగింది. అడగడంలో తప్పు లేదు, కర్రలెత్తడం తప్పు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో మొక్కల దగ్గర పశువులను అడ్డుకున్న రేంజి అధికారిని ఏకంగా చంపేశారు. యూనిఫాం వేసుకున్నవాళ్లకూ ఇళ్లూ పిల్లలూ ఉంటారు.

అడవి పక్షాన వాదన లేదనుకోకండి. మహారాష్ట్ర తాడోబా నుంచి పులులు నది దాటి వచ్చేది ఈ దారినే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి పనికెళ్లిన యువతి పులి దాడిలో ప్రాణాలు కోల్పోయింది. అడవి ముక్కలైతే పులీ మనిషీ ఎదురుపడక తప్పదు. పులుల దారి కాపాడేందుకు 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. ఆదివాసులు ఆందోళనకు దిగడంతో జులైలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది.

ఈ తగువు మనకొక్కరికే కాదు. బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం ఉంది. గొర్రెలూ ఆవులూ మేపుకునే కుటుంబ సేద్యాలు. సాయం అందాలంటే పొలంలో పదోవంతు చెట్లుండాలని అక్కడి ప్రభుత్వం కొత్త పథకంలో షరతు పెట్టబోయింది. ఆ పథకంతో 5,500 ఉద్యోగాలు పోతాయన్న అంచనాకు గుర్తుగా 2024 మార్చిలో రైతులు కార్డిఫ్‌లోని చట్టసభ ముందు 5,500 జతల రబ్బరు బూట్లు పేర్చారు. మనుషుల్లేని బూట్లు! ఆ ఏడాది నవంబరుకల్లా ప్రతి పొలానికీ పదిశాతం అన్న షరతు ఎత్తేశారు. అయితే ఆ రైతు చేతిలో నేల తాలూకు కాగితం ఉంది. చెట్లు నాటనంటే పోయేది సాయం. పోడు రైతుకైతే కాగితమే లేదు, పోయేది నేలే.

ఆ కాగితం కోసమే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసులకు హక్కు ఇవ్వాలన్నారు. గిరిజనేతరులైతే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. తాత ఎప్పుడొచ్చాడో ఏ రసీదు చెబుతుంది? 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. మనిషికి మూడెకరాలు కూడా పడదు. అయినా ఆ పాస్‌బుక్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బియ్యం డబ్బాలో దాచుకున్న ఇల్లు చూశాను.

ఆ ఇంటి యజమాని నోట ఓ కొత్తమాట విన్నాను... అవకాడో. 2025 మేలో నాగర్‌కర్నూలు జిల్లా మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం కింద హక్కుపత్రాలున్న పోడు భూములకు బోరు, సోలారు పంపు ఇచ్చి, పండ్లతోట పెట్టిస్తారు. అయిదేళ్లలో ఆరు లక్షల ఎకరాలు లక్ష్యం. వెదురు, మామిడి, అవకాడో. ఆ పండు ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. మా మెయిన్‌రోడ్డు పండ్ల దుకాణంలో దాని ధర చెబితే నమ్మలేదు. నీళ్లొస్తే పావెకరంలో మామిడి పెడతాననీ, మిగతాదాంట్లో పత్తి వదలననీ లెక్క చెప్పాడు. చెట్టు కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా!

కందకం పక్కన కనిపించిన మొదటి రైతు అప్పటికే వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆయనకు పట్టా రాలేదు. పంపు సంగతి, మామిడి సంగతి అన్నీ విని, ‘దరఖాస్తు ఇంక తీసుకుంటరా సారూ?’ అని నన్నడిగాడు. తిరుగు రైలుకు టైమవుతోంది. ఆయన ఆ ప్లాస్టిక్ కవరు వైపే చూస్తున్నాడు.