తాత తుడుము, పెన్‌డ్రైవ్ పాట



మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదట. మా తాత ధింసాకి తుడుము కొడతాడు. మామ మోరి ఊదుతాడు.

పోయిన ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మేము ధింసా ఆడినాము కదా. పాట పెన్‌డ్రైవ్‌లో వేసి చిన్న స్పీకరుకి పెట్టినారు. అది మా ఊరి పాటే. ఇటుకల పండుగలో మా అన్నయ్య ఫోనులో రికార్డు చేసినాడు. మోరి బాగానే వినబడింది. తుడుము మాత్రం పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు టకటకమంది. మా అడుగులు తప్పినాయి. మీరందరూ నవ్వినారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత సైన్సు సారుని అడిగాను. మనిషి చెవికి సెకనుకి 20 నుండి 20,000 కంపనముల వరకు వినబడును. తుడుము వంటి బరువైన శబ్దానికి కంపనాలు తక్కువ. అది బాగా రావాలంటే చాలా గాలిని కదపాలి. చిన్న స్పీకరుకి అంత బలం లేదు అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. 4 నిమిషాల పాట సీడీలో సుమారు 40 ఎంబీ ఉంటుంది. ఎంపీ3 చేస్తే 4 ఎంబీయే. చెవి గమనించదు అనుకున్న శబ్దాలని తీసేసి చిన్నది చేస్తారట. అందుకే చిన్న పెన్‌డ్రైవ్‌లో వందల పాటలు పడతాయి.

పెన్‌డ్రైవ్ చెడ్డదని నేను అనను. దానికి బస్సు ఛార్జీ వద్దు, అన్నం వద్దు. నొక్కితే పాడుతుంది. తాత వస్తే ఒక రోజు కూలి పోతుంది. ఆదివారం అన్నయ్య నన్ను చూడ్డానికి వస్తే ఆ ఫోను పాటే చెవి దగ్గర పెట్టుకుని వింటాను. అది కూడా లేకపోతే ఇంటి మీద బెంగ ఎలా తీరుతుంది?

కాని తాత కొడితే ఆ దెబ్బ గుండెలో తగులుతుంది. ఎక్కడ అడుగు వేయాలో కాలికే తెలుస్తుంది. మేము అలసిపోతే మా కాళ్ళు చూసి తాత నెమ్మదిగా కొడతాడు. స్పీకరు ఎవరి కాళ్ళు చూస్తుంది?

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. రోజూ వినడానికి పెన్‌డ్రైవ్ చాలు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం తాతని, మామని పిలిపించండి. ఛార్జీలకి మా గది పిల్లలం తలా 5 రూపాయలు వేసుకుంటాము. తాతకి ఈ కాగితం చదవడం రాదు. కబురు పెడితే చాలు, తుడుము మోసుకుని వస్తాడు.

– 9వ తరగతి విద్యార్థిని