కనిపెట్టుకొని ఉండడం

అనువాదమే నా వృత్తి. ఆంగ్లంలో ‘ప్రావిడెన్స్’ అన్న మాట ఎదురైనప్పుడల్లా నా కలం కాసేపు ఆగుతుంది. ముందుగా చూడడమనే అర్థంగల లాటిన్ క్రియ నుంచి పుట్టిన పదమది. ‘దైవకృప’ అని రాస్తే అందులో ఆ చూపు ఉండదు. ‘విధి’ అంటే దయ ఉండదు. దానికి దగ్గరగా వచ్చే మాట మన తెలుగు బైబిలులోనే ఉంది: కనిపెట్టుకొని ఉండడం. రోగి మంచం పక్కన మేలుకొని కూర్చునే వారిని గురించి మన ఇళ్లలో అనేది ఈ మాటే. 130వ కీర్తనలోనేమో భక్తుడు దేవునికోసం ఎదురుచూడడాన్ని ఇదే క్రియతో చెప్పారు.

2021 ఏప్రిల్‌లో ఢిల్లీ అంతటా ప్రాణవాయువుకోసం జనం పరుగులు తీస్తున్నప్పుడు మా బావగారు నోయిడాలో ఆసుపత్రిపాలయ్యారు. అయినవారిని లోపలికి రానివ్వలేదు. అక్క పదకొండు రోజులు గేటు బయట కారులోనే గడిపింది. రాత్రిళ్లు ఒక మలయాళీ నర్సు ఫోను చేసి, దాన్ని బావగారి చెవి దగ్గర పట్టుకునేది. ఆయన ఇంటికి రాలేదు.

పరామర్శించినవారిలో చాలామంది ‘దేవుని చిత్తం’ అన్నారు. ఒకనాడు అక్క, “ఆయన చిత్తమేమిటో వీళ్లకెవరు చెప్పారే?” అంది. యోబు మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన మౌనంగా నేలమీద కూర్చున్నారు. నాకు తోచినంతలో వారు చేసిన మంచిపని అదొక్కటే. తరువాత కారణాలు బోధించారు. చివరకు దేవుని కోపం రగిలింది వారిమీదే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అక్క ఆ ఏడాది ఎక్కువగా చదివింది దాన్నే. విశ్వాసం సడలిందేమోనని నేను భయపడితే, “ఆయనతోనే కదా పోట్లాడుతున్నాను” అంది.

మరుసటి ఏడు కశ్మీరీ గేటు దగ్గరి సెయింట్ జేమ్స్ చర్చికి తీసుకువెళ్లాను. 1800లో రాజస్థాన్‌లోని ఉనియారా దగ్గర యుద్ధంలో గాయపడి పడివున్న జేమ్స్ స్కిన్నర్, బతికితే చర్చి కట్టిస్తానని మొక్కుకున్నాడు. 1836లో గాని దానికి ప్రతిష్ఠ జరగలేదు. అందరూ చెప్పేది ఆ మొక్కు గురించే. ఆ రణభూమిలో క్షతగాత్రులకు జొన్నరొట్టె, నీళ్లు ఇస్తూ తిరిగిన వృద్ధురాలి సంగతి నేను చెప్పాను. స్కిన్నర్ ఆమెను తల్లిగా ఎంచి, తరువాత డబ్బు పంపాడట.

అక్క చాలాసేపు బల్లమీద కూర్చుంది. లేస్తూ, “ఆ నర్సమ్మ నంబరు నా దగ్గరుంది. క్రిస్మస్‌కు ఏమైనా పంపుదాం” అంది.