ఓర్వకల్లులో పడవల టేబుల్

సెకండియర్‌లో డీబీఎంఎస్ చదివిన ప్రతి ఒక్కరికీ డస్టిన్, లబ్బర్, రస్టీ, హొరాషియో తెలిసే ఉంటారు. రఘు రామకృష్ణన్, గెర్కె కలిసి రాసిన టెక్స్ట్‌బుక్‌లో సెయిలర్స్ అనే టేబుల్‌లో కాపురం ఉండేది వీళ్ళే. పక్కనే బోట్స్ అని ఒక టేబుల్. ఎవరు ఏ పడవని ఏ రోజుకి బుక్ చేసుకున్నారో చెప్పడానికి రిజర్వ్స్ అని ఇంకో టేబుల్. "ఎర్ర పడవ గానీ పచ్చ పడవ గానీ బుక్ చేసిన సెయిలర్ల పేర్లు?" సెమిస్టర్ అంతా ఇదే గోల. జాయిన్ అయినా, సబ్‌క్వెరీ అయినా ఆ ఎర్ర పడవ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నాది ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే మీద, రాక్ గార్డెన్ రాళ్ళు చూసి బస్సులో అందరూ ఫోన్లు బయటికి తీసే ఊరు. 2021 నుంచి ఎయిర్‌పోర్ట్ కూడా ఉంది కాబట్టి విమానాల టేబుల్ ఇచ్చినా ఏదో ఒకటి ఊహించుకునేవాణ్ణి. పడవలు మాత్రం మనసుకి ఎక్కలేదు. నాకు డీబీఎంఎస్ నిజంగా అర్థమైంది మా జేజి పొదుపు సంఘం పుస్తకాలతో. అందుకే ఈ వ్యాసం. వచ్చే సెమిస్టర్‌లో ఈ సబ్జెక్ట్ రాబోయే జూనియర్స్‌కి కొంచెం పనికొస్తుందని ఆశ.

ముందు కొంచెం చరిత్ర. మన ఊర్ల పొదుపు సంఘాలు ఆకాశం నుంచి పడలేదు. 1992లో నాబార్డ్ దేశం మొత్తం మీద 500 గ్రూపులతో బ్యాంక్ లింకేజి అనే పద్ధతి మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో సారాకి ఎదురు తిరిగిన ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. మన వైపుకి 1990ల మధ్యలో యూఎన్‌డీపీ సాయంతో ఒక ప్రాజెక్ట్ వచ్చింది. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని మండలాలు తీసుకున్నారు, అందులో ఓర్వకల్లు ఒకటి. ఆ అనుభవం చూసే 2000లో వెలుగు వచ్చింది. మా జేజి ఆ మొదటి బ్యాచ్. సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. కానీ చాలా ఏళ్ళు సంఘానికి లీడరు. పుస్తకాలు రాయడానికి పదో తరగతి చదివిన ఒక అక్క వచ్చేది. జేజి చెప్పేది, ఆ అక్క రాసేది. స్కీమా జేజిది, డేటా ఎంట్రీ అక్కది అనుకోండి.

ప్రైమరీ కీ ఎందుకో చెప్పడానికి మా సంఘం చాలు. అందులో లక్ష్మీదేవి పేరుతో ముగ్గురున్నారు. ఊర్లో వాళ్ళని నన్నూరు లక్ష్మీదేవి, కాల్వ లక్ష్మీదేవి, అంగడి లక్ష్మీదేవి అంటారు. మొదటి ఇద్దరికీ పుట్టినూరు పేరు తగిలించారు, మూడో ఆమెకి అంగడి ఉంది. ఇది నోటి మాటకి సరిపోతుంది. కానీ అంగడి మూసేస్తే? కాల్వ నుంచి ఇంకో లక్ష్మీదేవి కోడలుగా వస్తే? అందుకని పుస్తకంలో మొదటి రోజు నుంచే సభ్యురాలి నంబర్ ఉంది. ఏడో నంబర్ అంటే ఏడో నంబరే. ఆ మనిషి సంఘం మానేసినా ఏడుని ఇంకొకరికి ఇవ్వలేదు. "పాత అప్పు కొత్తామె మీద పడదా?" అంది జేజి. పొదుపు లెడ్జర్‌లో, అప్పుల రిజిస్టర్‌లో, హాజరు పుస్తకంలో అదే నంబర్ వస్తుంది. ఫారిన్ కీ అంటే అంతే. ఫైల్ సిస్టమ్‌కి డీబీఎంఎస్‌కి తేడాలు, త్రీ లెవెల్ ఆర్కిటెక్చర్ లాంటివి మీరు ఎలాగూ ముందు రోజు రాత్రి బట్టీ కొడతారు, వాటి జోలికి నేను పోను.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం నల్.

సార్ క్లాసులో నల్ గురించి పది నిమిషాలు చెప్పి ఉంటారు. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ స్ట్రింగ్ కాదు, విలువ తెలియదు లేదా లేదు అని అర్థం. దాన్ని దేనితో పోల్చినా నిజమూ రాదు, అబద్ధమూ రాదు, 'తెలియదు' అని వస్తుంది. అందుకే వేర్ కండిషన్‌లో 'ఈక్వల్ టు నల్' అని రాస్తే ఒక్క రో కూడా రాదు, 'ఈజ్ నల్' అని రాయాలి. వైవాలో అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. ఇంకా బాగా అర్థం కావాలంటే మిడ్ మార్కుల లిస్టు చూడండి. ఒకడికి 20, ఒకడికి 10, ఇంకొకడు పరీక్షకే రాలేదు. రానివాడి గడిలో నల్ ఉంటే యావరేజ్ 15. సున్నా పెడితే 10. ఒక్క గుర్తు మారితే క్లాసు మొత్తం మొద్దుల బ్యాచ్ అయిపోతుంది.

జేజి పుస్తకంలో రెండు గుర్తులున్నాయి. కొన్ని గడుల్లో అడ్డగీత, కొన్నిట్లో సున్నా. నేను ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం, ఆ గొలుసు రాత చదవడానికే నాకు చాలా టైం పట్టింది. తేడా ఏంటని అడిగితే జేజి నన్ను వింతగా చూసింది.

"మీటింగుకొచ్చి దుడ్లు లేవన్న దానికి సున్న. ఊర్లోనే లేని దానికి గీత. ఊర్లో లేనిదాన్ని కట్టలేదని ఎట్లంటారప్పా?"

ఇది తెలివి కోసం పెట్టుకున్న రూల్ కాదు, అవసరం. వాన సరిగ్గా పడని ఏడాది మా వైపు నుంచి చాలామంది గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. రెండు మూడు నెలలు ఇంటికి తాళం. తిరిగొచ్చాక ఆ నెలల పొదుపు అంతా ఒకేసారి కడతారు. సంఘంలో ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే ఈసారి పోయింది వాళ్ళు, వచ్చే ఏడాది మనం.

మా చిన్నమ్మ అట్లే పోయింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. నెలకి వంద రూపాయల పొదుపు. మూడు గడుల్లో మూడు గీతలు, మే నెల గడిలో 400. ఏడాదికి 1200 లెక్క పక్కాగా ఉంది. తర్వాత సంఘం లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ మూడు గీతలు మూడు సున్నాలయ్యాయి.

టైప్ చేసిన అమ్మాయిని తిట్టడం సులభం. కానీ నేను ఆ ఫామ్ చూశాను. రూపాయల గడి అంకె తప్ప ఏదీ తీసుకోదు, గీత కొడితే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. ఖాళీగా వదిలితే కింద బటన్ పని చేయదు. ఆ అమ్మాయి ముందున్నది ఒకటే దారి, సున్నా. దీని పేరు మన సిలబస్‌లో ఉంది: నాట్ నల్ కన్‌స్ట్రెయింట్. ఎక్కడో ఏసీ రూములో ఒకరు టేబుల్ క్రియేట్ చేస్తూ ఆ రెండు మాటలు తగిలించారు. మనం ల్యాబ్‌లో ప్రతి కాలమ్‌కీ తగిలించినట్టే, సేఫ్‌గా ఉంటుందని. ఆ పని చేసినవాళ్ళు కూడా మనలాగే సెయిలర్స్ టేబుల్ చదివే ఉంటారు.

లోన్ లిస్టు తయారైనప్పుడు చిన్నమ్మ పేరు లేదు. వరుసగా మూడు నెలలు పొదుపు కట్టలేదంట. సంఘాలకి పంచసూత్రాలని ఉంటాయి: మీటింగులు, పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదాలు కట్టడం, పుస్తకాలు రాయడం, అన్నీ క్రమం తప్పకూడదు. 'అమౌంట్ ఈక్వల్ టు జీరో' అని అడిగితే మూడు రోలు వస్తాయి, క్రమం తప్పినట్టే. ఆ ఏడాదే వాళ్ళ పాపకి నర్సింగ్‌లో సీటు వచ్చింది. లోన్ మీద ఆశతోనే ఫీజుకి ఒప్పుకున్నారు.

జేజి, చిన్నమ్మ, నేను మూడు సార్లు తిరిగినాం. "సిస్టంలో సున్నా ఉందమ్మా" అన్నారు మొదటిసారి. రెండోసారి నేను ఫోన్‌లో నల్ గురించి చూపించబోయాను, జేజి నా చెయ్యి పట్టుకుని గమ్మునుండమంది. మూడోసారి సంచిలోంచి మినిట్స్ బుక్కు తీసింది. మే నెల పేజీలో ఉంది: సభ్యురాలు గుంటూరు నుంచి వచ్చినది, నాలుగు నెలల పొదుపు 400 కట్టినది, అందరూ ఒప్పుకున్నారు. కింద సంతకాలు, వేలిముద్రలు. దాన్ని జెరాక్స్ తీసుకుని సరిచేశారు. సరిచేసేసరికి ఫీజు డేట్ దాటిపోయింది. చిన్నమ్మ కమ్మలు కుదువ పెట్టి కట్టింది. సీటు నిలబడింది. కమ్మలు ఇంకా ఇంటికి రాలేదు.

ఇక్కడ నాకు టెక్స్ట్‌బుక్ మీద ఒక చిన్న పేచీ ఉంది. మొదటి యూనిట్‌లోనే రిడండెన్సీ చెడ్డది, ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయొద్దు అంటారు. నార్మలైజేషన్ మొత్తం దానికోసమే. నిజమే. కానీ మా చిన్నమ్మని కాపాడింది రెండో చోట రాసి ఉండటమే. తర్వాత ట్రాన్సాక్షన్స్ యూనిట్‌కి వచ్చాక తెలిసింది, డేటాబేస్ కూడా లోపల ఇదే పని చేస్తుందని. ఏ మార్పు చేసినా ముందు లాగ్‌లో రాస్తుంది, తర్వాతే అసలు డేటా మారుతుంది. కరెంట్ పోయినా లాగ్ చూసుకుని లేస్తుంది. మినిట్స్ బుక్కు లాగ్, లెడ్జర్ టేబుల్, వేలిముద్ర పడిందంటే కమిట్.

ఈ ట్రాన్సాక్షన్ ఆలోచనకి రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1998 ట్యూరింగ్ అవార్డ్ ఆయనదే. 1981లో రాసిన పేపర్‌లో ఆయన కూడా పాత లెక్కల పుస్తకాల దగ్గరికే పోతాడు: లెక్కలు రాసేవాళ్ళు తప్పు పడితే చెరిపేయరు, అది అట్లే ఉంచి పక్కన సరిచేసే కొత్త ఎంట్రీ రాస్తారని. జేజి పుస్తకంలో ఒక్క వైట్‌నర్ మచ్చ లేదు, కొట్టివేతల పక్కన మళ్ళీ సంతకాలున్నాయి. జిమ్ గ్రే 2007 జనవరి 28న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి తన పడవలో ఒక్కడే సముద్రంలోకి పోయాడు, తల్లి అస్థికలు కలపడానికి. తిరిగి రాలేదు. స్నేహితులు శాటిలైట్ ఫోటోలు తెప్పించారు, వేలమంది ఇంటర్నెట్‌లో కూర్చుని సముద్రాన్ని ముక్కలు ముక్కలుగా వెతికారు, పడవ దొరకలేదు. ఇది చదివాక సెయిలర్స్ టేబుల్ నాకు మునుపటిలా జోక్‌గా అనిపించడం లేదు.

ఇంకో విషయం చెప్పకపోతే జేజికి అన్యాయం. రిలేషనల్ మోడల్‌ని 1970లో ఇచ్చిన ఐబీఎం కాడ్, ఇరవై ఏళ్ళ తర్వాత 1990లో రాసిన పుస్తకంలో ఒక్క నల్ చాలదు, రెండు గుర్తులు కావాలన్నాడు. విలువ ఉంది కానీ మనకి తెలియదు అనేదానికి ఒకటి, ఆ విలువ ఇక్కడ వర్తించనే వర్తించదు అనేదానికి ఒకటి. అప్పటికే డేటాబేస్ కంపెనీలు ఒక్క నల్‌తో సర్దుకున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. గైడ్‌లో ఇది లేదు, పరీక్షలో రాదు.

ఈ సెమిస్టర్ మా మినీ ప్రాజెక్ట్ సంఘం పుస్తకమే. మిగతా టీములు లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ తీసుకున్నాయి. మేము రూపాయల కాలమ్‌కి నాట్ నల్ తీసేశాం. దాని పక్కన స్థితి అని ఒక కాలమ్ పెట్టాం: కట్టింది, కట్టలేదు, ఊర్లో లేదు. చెక్ కన్‌స్ట్రెయింట్‌తో ఆ మూడు తప్ప నాలుగోది పడకుండా చేశాం. అమౌంట్ నల్ అయితే స్థితి తప్పనిసరిగా 'ఊర్లో లేదు' అయ్యుండాలి. సరిచేసిన ప్రతి ఎంట్రీకీ పాతది పోకుండా వేరే టేబుల్‌లో ఉంటుంది.

పోయిన ఆదివారం ల్యాప్‌టాప్ జేజి ముందు పెట్టి చూపించాను. నన్నూరు లక్ష్మీదేవి నంబర్ అడిగింది, వెతికి చూపించాను. చిన్నమ్మ ఫిబ్రవరి గడి అడిగింది, 'ఊర్లో లేదు' అని ఉంది. అద్దాలు సరిచేసుకుని స్క్రీన్ మీద కింది దాకా చూసింది.

"అంతా బాగుంది గానీ, వేలిముద్ర యాడ పెట్టాల?"

దానికి మా దగ్గర ఇంకా కాలమ్ లేదు. డెమో ఈ శుక్రవారం.