గొంతుక్కూర్చోలేని వయసు

ఎలుకలు పట్టేవాడికి మొట్టమొదట రావలసింది గొంతుక్కూర్చోవడం. మడమలు నేలకానించి, మోకాళ్ళు గుండెలకు తెచ్చుకుని, పొలం గట్టు వారన గంటల తరబడి అలాగే ఉండాలి. కలుగు నోటి దగ్గర పడ్డ మట్టిని వేళ్ళతో నలిపి, అది రాత్రిదా మొన్నటిదా తేల్చుకోవాలి. మిగతా కన్నాలు ఎక్కడెక్కడ తేలాయో వెతికి మట్టిపెళ్ళలతో మూసెయ్యాలి. ఆ తర్వాత పొగకుండ. అడుగున చిల్లున్న మట్టికుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు ఆనించి, చిల్లు దగ్గర నోరుపెట్టి ఊదాలి. పొగ కలుగులోకి పోతుంది. కొంత ఎదురుతిరిగి ఊదేవాడి ఛాతీలోకి వస్తుంది. పెదవులు కాలతాయి, చేతులు బొబ్బలెక్కుతాయి. లోపల ఎలుక సొమ్మసిల్లాక గడ్డపారతో తవ్వి చేత్తో పట్టుకుంటారు. కలుగు చివర అది దాచుకున్న వరివెన్నులు దొరికితే అవీ ఇంటికొస్తాయి.

చెన్నై ఉత్తరాన మా మాధవరంలో నేనెరిగిన ఒక పెద్దాయన పడుచుతనం నుంచీ ఈ పనే చేశారు. యానాది. వాళ్ళ పెద్దలు పులికాట్ సరస్సు అవతల సూళ్ళూరుపేట దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను తాతా అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. ఇప్పుడు ఆయన గొంతుక్కూర్చోలేరు. కూర్చుంటే ఎవరైనా చెయ్యిచ్చి లేపాలి. పొలానికి పోవలసివస్తే సంచిలో ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుని పోతారు. దానిమీద కూర్చుని వంగితే కలుగు అందదు. పారను బారుగా చాచి తవ్వాలి, నడుము పట్టేస్తుంది.

మోకాళ్ళతో అయిపోలేదు. పొగ మింగీ మింగీ ఆయాసం. ఎడమకంట్లో శుక్లం. కుడిచేతి చూపుడువేలు ఎప్పటిదో పాముకాటుకు కండ చచ్చి కొక్కెంలా వంగిపోయింది. ఎలుకల మూత్రం కలిసిన బురదలో కాళ్ళ పగుళ్ళతో నిలబడేవాళ్ళకు ఎలిజ్వరం, అంటే ఎలుకల వల్ల వచ్చే జ్వరం, పొంచే ఉంటుంది. అది మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, ఆలస్యమైతే మూత్రపిండాలకూ కాలేయానికీ ఎక్కుతుంది. ఆయనకు వచ్చి పోయిన జ్వరాల్లో ఏది ఏదో ఎవరూ పరీక్ష చేసి చూడలేదు.

పాములూ పట్టేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు మద్రాసు చుట్టుపక్కల పాముతోలు పెద్ద వ్యాపారం. ఇరుళర్లు, యానాదులు అనే గిరిజనులు పట్టి తెస్తే తోళ్ళు విదేశాలకు ఓడలెక్కేవి. చట్టం వచ్చాక, 1976లో తోళ్ళ ఎగుమతి ఆగాక, ఆ చేతులకు పని లేకుండాపోయింది. ఉడుము, చెవులపిల్లి పట్టినా నేరమే. ఎలుక మాత్రం అప్పటి చట్టంలో కాకితోపాటు హానిచేసే జంతువుల పట్టికలో ఉండడం వల్ల మిగిలింది. కొన్ని కుటుంబాలు రెడ్ హిల్స్ రైస్ మిల్లుల్లోకి అడ్వాన్సు తీసుకుని పోయి వెట్టిలో చిక్కుకున్నాయి. రెడ్ హిల్స్ మాకు పక్క ఊరే. ఆ మిల్లుల నుంచి అధికారులు విడిపించినవాళ్ళలో ఇరుళర్లే ఎక్కువ.

నగరానికి దక్షిణాన, మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర, 1978లో ఇరుళర్ల పాములవాళ్ళ సహకార సంఘం పుట్టింది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్, ఆయన భార్య జాయ్ అప్పటికే అక్కడ మొసళ్ళ బ్యాంకు పెట్టి ఉన్నారు. ఆ ప్రాంగణంలోనే సంఘం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటినీ పట్టి తెస్తారు. మట్టికుండల్లో గుడ్డ కట్టి మూడు నాలుగు వారాలు ఉంచుతారు. వారానికోసారి విషం తీస్తారు. పొట్ట పొలుసు ఒకటి గుర్తుగా కత్తిరించి తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషం ఆరబెట్టి పొడి చేసి పాముకాటు మందు చేసే కంపెనీలకు పంపుతారు. దేశంలో ఆ మందుకు కావలసిన విషంలో చాలా పెద్ద వాటా ఇక్కణ్ణుంచే పోతుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది అని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే సగటున ఏడాదికి సుమారు 58 వేలు. బతికి బయటపడ్డవాళ్ళ వెనక ఈ చేతులున్నాయి. మా పెద్దాయన ఆ సంఘంలో సభ్యులు కారు. మాధవరం నుంచి వడనెమ్మేలికి నగరం మొత్తం దాటాలి. కానీ సంఘంలో ఉన్నవాళ్ళకైనా, లేనివాళ్ళకైనా లెక్క ఒకటే. పాముకు ఇంత, ఎలుకకు ఇంత. రైతు తోకలు లెక్కపెట్టి డబ్బిస్తాడు. సంఘం పామును చూసి కడుతుంది. అటవీ శాఖ అనుమతించిన సంఖ్య దాటి పట్టకూడదు.

నాకు బాధ ఎక్కడంటే ఇక్కడే. లెక్క మొత్తం చేతికి అందినదానిది. దాన్ని వెతికిన కంటికి లెక్క లేదు. చెయ్యి బలంగా ఉన్నన్నాళ్ళూ రెండూ ఒకే మనిషివి కాబట్టి తేడా తెలియదు. మోకాలు మొరాయించిన రోజున చెయ్యి ఆగిపోతుంది, కన్ను మాత్రం ఆగదు. ఆ కంటికి అంతకు ముందూ కూలి లేదు, ఇక ముందూ లేదు. ఆఫీసులో పనిచేసినవాడికి అనుభవం పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది. వేటగాడికి అనుభవం నిండేసరికి రాబడి సున్నా అవుతుంది.

రాబడి తగ్గుతుంటే ఖర్చు పెరుగుతుంది. మాధవరం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. పొలాలుండేచోట గోదాములు, కంటైనర్ యార్డులు లేచాయి. 2018లో ఆంధ్ర బస్సుల కోసం పెద్ద బస్టాండు వచ్చింది. ఇప్పుడు మెట్రో పనులకు పాల కాలనీ రోడ్డంతా తవ్వకాలే. ఒకప్పుడు ఇంటి వెనకే దొరికిన ఎలుక కోసం పొన్నేరి, గుమ్మిడిపూండి దాకా పోవాలి. టీ, టిఫిను, బస్సు చార్జీలు పోను తోకల డబ్బు ఎంత మిగులుతుంది? ఆస్పత్రి సంగతీ అంతే. స్టాన్లీ ఆస్పత్రిలో మందు ఉచితం. 1819లో పెట్టిన ఎగ్మూరు కంటి ఆస్పత్రిలో శుక్లం ఆపరేషనూ ఉచితం. 2021 నుంచి బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు, అది నిజంగా గొప్ప పని. కానీ ఆస్పత్రికి పోయే ఆటో ఉచితం కాదు. పోయినరోజు కూలి పోతుంది, తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది. ఆపరేషన్ తర్వాత కంటికి పొగ, దుమ్ము తగలకూడదని చెబితే, పొగ దుమ్ముల్లో తప్ప పని లేని మనిషి ఏం తిని ఇంట్లో కూర్చుంటాడు? అందుకే ఆయన శుక్లం అలాగే ఉంది.

2021 మే నుంచి తమిళనాడులో ఆడవాళ్ళకు మామూలు టౌను బస్సుల్లో టికెట్టు లేదు. దాంతో ఆ ఇంట్లో వేట ఆయన చేతి నుంచి ఆయన భార్య చేతికి మారింది. ఆమె తెల్లవారుజామున గడ్డపార గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కుతుంది. వాళ్ళలో ఆడవాళ్ళు వేటకు పోవడం కొత్తేమీ కాదు, కలుగు తవ్వడంలో ఆమెకు భర్త కన్నా ఓర్పు ఎక్కువని ఆయనే చెబుతారు. కానీ ఆమెకూ వయసు వచ్చింది, నడుంనొప్పి ఆమెకూ ఉంది. ఉన్న ఇద్దరిలో టికెట్టు లేనివాళ్ళు పోవాలి, అంతే.

అరవై దాటితే చెన్నైలో నెలకు పది ఉచిత బస్సు టోకెన్లు ఇస్తారు. వృద్ధాప్య పింఛను 2023లో వెయ్యి నుంచి 1,200 చేశారు. రెంటికీ వయసు రుజువు కావాలి. ఆయన పుట్టినప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు. కార్డు మీద ఎవరో మొహం చూసి వేసిన ఏడాది ఉంది, దాని ప్రకారం ఆయన ఇంకా అరవైకి రాలేదు. అదే సూళ్ళూరుపేటలో ఉన్న ఆయన చుట్టాలకు వేరే లెక్క. ఆంధ్రలో 2024 జూలై నుంచి పింఛను 4,000. అంతకన్నా ముఖ్యం, అక్కడ గిరిజనులకు యాభై ఏళ్ళకే ఇస్తారు. అడవిలో, బురదలో బతికిన ఒంటికి ముసలితనం ముందే వస్తుందని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. మాధవరం బస్టాండులో ఎక్కితే పొద్దెక్కేలోపు చేరే దూరం. రాష్ట్రాల సరిహద్దు గీతకు ఇవతల ఉన్నందుకు అదే కులం, అదే పని, అదే దగ్గు ఉన్న మనిషికి పదేళ్ళు ఆగమని చెప్పడం న్యాయం కాదు.

దగ్గు విషయంలో ఒక మంచి పని జరిగింది, చెప్పుకోవాలి. సేతునారాయణన్ అనే ఆయన నడిపిన చెన్నై స్వచ్ఛంద సంస్థ ఇరుళర్ల కోసం ఉక్కుతో పొగడబ్బా తయారుచేయించింది. నోటితో ఊదక్కర్లేదు, పక్కనున్న పిడి తిప్పితే గాలి తోస్తుంది. 2003లో ప్రపంచ బ్యాంకు పోటీలో దానికి బహుమతి సొమ్ము వచ్చింది. ఆ డబ్బాతో ఎలుకలూ ఎక్కువ పడ్డాయి, పెదవులూ కాలలేదు. ఎన్నో తరాలుగా నోటితో ఊదుతున్న పనికి పిడి పెట్టడానికి 2003 దాకా ఆగవలసివచ్చిందంటే ఆ పని చేసేవాళ్ళను మనం ఎంత దూరంలో ఉంచామో తెలుస్తుంది. మా పెద్దాయనకు అది అందేసరికి ఊపిరితిత్తులు చెడిపోయే ఉన్నాయి.

అయినా ఆయన వేటగాడు కాకుండా పోలేదు. ఈ విషయం మీద మానవశాస్త్రవేత్తలు పెద్ద లెక్కే తీశారు. లోకంలో 40 చోట్ల, 1,800 మందికి పైగా వేటగాళ్ళవి సుమారు 23 వేల వేట వివరాలు పోగుచేసి 2020లో ప్రచురించారు. సగటున వేట నేర్పు 30-35 ఏళ్ళ మధ్య శిఖరానికి వస్తుందట. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోదు, చాలాకాలం ఎత్తులోనే ఉంటుంది. నాకు ఆ లెక్క కన్నా ముందే ఇంకో రుజువు ఉంది. 2017 జనవరిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లను ఫ్లోరిడా పిలిపించుకుంది. అక్కడి చిత్తడి అడవుల్లో బర్మా కొండచిలువలు పెరిగిపోయి కుందేళ్ళను, రక్కూన్లను మింగేస్తున్నాయి. వాటిని వెతకడం ఎవరివల్లా సరిగా కావడం లేదు. వీళ్ళిద్దరూ యాభై దాటినవాళ్ళు, ఇంగ్లీషు రాదు, చేతిలో ఇనుప కడ్డీ. అక్కడివాళ్ళు కార్లలో రోడ్లమీద తిరుగుతూ వెతికే పామును వీళ్ళు పొదల్లోకి నడిచి జాడ పట్టి వెతికారు. రెండు వారాల లోపే 13 కొండచిలువలు పట్టారు. వాటిలో ఒకటి 16 అడుగుల ఆడది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. ఆ వార్త వచ్చిన రోజు మా పెద్దాయన పేపరు నాచేత రెండుసార్లు చదివించుకుని, వాళ్ళ చేతుల ఫొటో ఉందా అని అడిగారు. మొహాలే ఉన్నాయి.

అదే ఏడాది డిసెంబరులో మిచాంగ్ తుపానుకు రెట్టేరి, పుళల్ చెరువులు నిండి ఉత్తర చెన్నై వీధులన్నీ నీళ్ళయ్యాయి. ఇళ్ళలోకి పాములొచ్చాయి. మా వీధిలో ఒక వంటింట్లో దూరినదాన్ని కర్రలతో కొట్టబోతుంటే ఎవరో పెద్దాయన్ని తీసుకొచ్చారు. గుమ్మంలో కుర్చీ వేస్తే కూర్చున్నారు. బాగున్న ఒక కంటితో చూసి, "నీరుకట్టెమ్మా ఇది, విషం లేదు. కరిస్తే గీరుకుంటది, అంతే. తలుపు తీసి పెట్టండి, అదే పోతది" అన్నారు. పక్కింట్లో ఇంకోటి ఉందంటే నడిచి పోలేక ఫోనులో ఫొటో తెప్పించి చూశారు. "ఇది వేరే. ఇది పింజరి. ఎవురూ దగ్గిరికి పోవద్దు, పిలకాయల్ని బయిటికి తీసుకురాండి, ఫారెస్టోళ్ళకి చెప్పండి." ఒక పామును బతికించారు, పక్కింట్లో ఒక ప్రాణం పోకుండా చూశారు, కుర్చీలోంచి లేవకుండానే. ఆ పింజరిని పట్టడానికి వచ్చిన కుర్రాడికి రెండిళ్ళవాళ్ళూ డబ్బిచ్చారు. ఆయనకు టీ ఇచ్చారు.

జాడ చదవడం పుస్తకాల్లో దొరికేది కాదు. పాము దూరిన బొక్క నోరు రాపిడికి నున్నగా ఉంటుందనీ, సాలెగూడు అడ్డంగా ఉన్న కన్నం జోలికి పోనక్కర్లేదనీ, రెట్ట చూస్తే ఏ పామో తెలుస్తుందనీ ఆయన చెబుతుంటే నేను విన్నాను, నాకు కనిపించలేదు. పొలంలో ఆయన పక్కన నిలబడి చూసినవాళ్ళకే అది కనిపిస్తుంది. మనవడు గోదాములో లోడింగ్ పనికి పోతున్నాడు, పోవాలి కూడా, అక్కడ నెలకు జీతం ఉంది. మనవరాలు ప్లస్ వన్ చదువుతోంది, ఆ పిల్లకే దీనిమీద ఆసక్తి. ఆదివారాలు నాయనమ్మతో పొన్నేరి పోయి కన్నాలకు ఫొటోలు తీసుకొస్తుంది. సాయంత్రం తాత ఒక్కో ఫొటో చూసి ఇది ఎలుక, ఇది పందికొక్కు, ఇది ఎండ్రకాయ అని చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకుంటుంది.

ఈ పనికి ఎవరైనా జీతం ఇవ్వాలి. అటవీ శాఖ, కార్పొరేషన్, వానాకాలం ముందు ప్రతి వార్డులోనూ ఇలాంటి పెద్దవాళ్ళను పాములు గుర్తుపట్టడానికీ, పిల్లలకు నేర్పడానికీ పెట్టుకోవచ్చు. వయసు కాగితం లేనివాళ్ళకు వాళ్ళ సంఘాల మాట మీద పింఛను ఇవ్వవచ్చు. ఆయన తనకోసం అడగరు. వేటగాడు అడుక్కోకూడదనేది ఆయన పట్టుదల. అందుకని మా వీధి సంఘంలో నేను అడిగాను. ఈ ఏడాది వానలకు ముందే ఆయనకు నెలనెలా ఎంతో కొంత ఇచ్చేటట్టు రాసుకుందామన్నాను. పాము వస్తే అప్పుడు చూద్దామని కొందరన్నారు. పాము రాని నెలలో కూడా ఇవ్వాలని నేను పట్టుబట్టాను. పన్నెండిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళతో ఇంకా మాట్లాడుతున్నాను.