ఒంటరితనం అనే అమ్మాయి

ఆడపిల్లకు పేరు పెట్టడమంటే మన ఇళ్ళలో చిన్న సంగతి కాదు. నక్షత్రానికి సరిపడే అక్షరం ఒక వంక, నాయనమ్మ పేరు ఒక వంక, మొక్కుకున్న దేవుడు మరొక వంక. వీటన్నిటి మధ్య నలిగి నలిగి బారసాల నాటికి ఎలాగో ఒక పేరు తేలుతుంది. పేరు శుభంగా ఉండాలన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. లక్ష్మి అంటాం, శాంత అంటాం, కల్యాణి అంటాం. "బాధ" అనో "ఒంటరితనం" అనో పెడతామంటే పెద్దలు ఊరుకుంటారా?

స్పెయిన్ దేశంలో ఊరుకున్నారు. ఊరుకోవడమేమిటి, కోరి మరీ పెట్టుకున్నారు!

మా అబ్బాయి ఉద్యోగరీత్యా మాడ్రిడ్ నగరంలో ఉంటాడు. మనుమరాలు పుట్టినప్పుడు సాయంగా వెళ్ళి రెండు నెలలున్నాను. వాళ్ళ కింది వాటాలో డెబ్భై దాటిన పెద్దావిడ ఒకరుండేవారు. పేరు సోలెదాద్. చివరి "ద్" వినీ వినపడనట్టు పలుకుతారు. ముద్దుగా పిలిస్తే సోలె. "పేరు బాగుందిరా, అర్థమేమిటి?" అని అబ్బాయిని అడిగాను. "ఒంటరితనం అమ్మా" అన్నాడు.

నా గుండె కలుక్కుమంది. మావారు పోయిన ఈ ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నదాన్ని. ఆ మాట బరువు నాకు తెలుసు. కన్నబిడ్డను రోజుకు పదిసార్లు ఆ మాటతో పిలవడానికి ఆ తల్లికి నోరెలా వచ్చిందా అనుకున్నాను. అప్పటినుంచి ఆ పేరు సంగతేమిటో తెలుసుకునేదాకా నాకు తోచలేదు.

స్పెయిన్‌లో పూర్వం ఆడపిల్లలకు మేరీమాత పేరు పెట్టడం ఆనవాయితీ. కాని ఇంటింటా మరియాలే ఉంటే పిలిచేదెలా? మనం వెంకటలక్ష్మి, వెంకటరత్నం, వెంకటసుబ్బమ్మ అన్నట్టు, వాళ్ళు మరియ పక్కన ఆ తల్లి మహిమనో, జీవితంలోని ఒక ఘట్టాన్నో చేర్చారు. రానురాను ముందుమాట జారిపోయి వెనుకమాటే పేరుగా నిలిచింది. దొలోరెస్ అంటే బాధలు. అంగుస్తియాస్ అంటే వేదనలు. కొన్సువేలో అంటే ఓదార్పు. సొకోర్రో మరీ విడ్డూరం. ఆపదలో పడ్డవాళ్ళు "రక్షించండి!" అని పెట్టే కేక కూడా అదే మాట!

సోలెదాద్ పూర్తి రూపం "మరియ దె లా సోలెదాద్". కొడుకును సిలువ వేసి సమాధి చేశాక, ఆయన తిరిగి లేచేదాకా ఆ తల్లి ఒంటరిగా గడిపిన ఘడియలకు గుర్తు ఈ పేరు. 16వ శతాబ్దంలో ఇసబెల్ రాణి కోరికపై గస్పార్ బెసెర్రా అనే శిల్పి మాడ్రిడ్‌లో ఈ మాత విగ్రహం చెక్కాడు. దానికి ఆనాటి స్పెయిన్ వితంతువుల వేషమే వేశారు; తెల్లని ఉడుపు, పైన నల్లని ముసుగు. ఆ భక్తి సముద్రాలు దాటింది. మెక్సికోలోని ఒహాకా నగరానికి ఈమే రక్షకమాత; డిసెంబరు 18న ఉత్సవం చేస్తారు. కాలిఫోర్నియాలో 1791లో ఈమె పేర వెలసిన మఠం వల్ల ఒక ఊరికే సోలెదాద్ అని పేరు వచ్చింది.

అబ్బాయిని పక్కన పెట్టుకుని ఒకనాడు ఆవిడనే అడిగాను, మీ వాళ్ళు ఈ పేరెందుకు పెట్టారని. ఆవిడ నవ్వేసింది. "సిలువ వేసిన శుక్రవారం, మరునాడు శనివారం ఆ తల్లి ఒంటరిది. అందుకని ఊరు ఊరంతా ఊరేగింపుగా ఆమె వెంట నడుస్తుంది. నేను పేరుతో తోడున్నాను, అంతే!" అంది.

ఆ మాట అక్షరాలా చేసి చూపించిన సోలెదాద్ ఒకరున్నారు. 1826లో మాడ్రిడ్‌లో పుట్టిన ఈమె అసలు పేరు మాన్యువెలా. 1851లో మరో ఆరుగురితో కలిసి సన్యాసినిగా రోగుల సేవకు దిగినప్పుడు సోలెదాద్ అన్న పేరు తీసుకుంది. రోగుల ఇళ్ళకే వెళ్ళి, ప్రతిఫలం పుచ్చుకోకుండా, రాత్రంతా మంచం పక్కన కూర్చునేవారు. కలరా రోజుల్లోనూ మానలేదు. ఆమె 1887లో కన్నుమూసింది. 1970లో పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఒంటరితనమని పేరున్న మనిషి ఎందరి ఒంటరితనాన్ని పోగొట్టిందో చూడండి!

ఇప్పుడు స్పెయిన్‌లో ఈ పేరు అమ్మమ్మలకే మిగిలింది. పసిపిల్లలందరూ లూసియాలు, సోఫియాలు, మార్తినాలు. చర్చి పట్టు సడలింది. తల్లిదండ్రులకు చెవికింపైన పేరు కావాలి. అర్జెంటీనాలో మాత్రం 1980లో పుట్టిన గాయని సోలెదాద్ పాస్తొరుత్తిని జనం "లా సోలె" అని ముద్దుగా పిలుచుకుంటారు. 1960లో తెరకెక్కిన ఒక బాలనటి వల్ల ఇంటింటా మోగిన మరిసోల్ అన్న పేరు కూడా మరియ సోలెదాద్‌కు కుదింపేనంటారు. సముద్రం, సూర్యుడు అన్న అర్థం కూడా అందులో వినబడుతుంది కనుక దానికి దిగులు అంటలేదు.

ఆలోచిస్తే మనమూ తక్కువ వాళ్ళం కాము. పద్నాలుగేళ్ళు మగనికి దూరమైన ఇల్లాలి పేరు ఊర్మిళ. ఆ పేరు పిల్లలకు నిశ్చింతగా పెట్టుకుంటున్నాం. ఊర్మిళాదేవి నిద్ర పాట మన ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్నారంటే, ఆమెను ఒంటరిగా వదలలేకనే గదా!

తెలుగులో ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. స్పానిషులో రెండింటికీ సోలెదాద్ ఒక్కటే మాట. మా అబ్బాయి వాటిలో మొదటి అర్థమే చెప్పాడు. "ఒక్కదానివే ఎలా ఉంటున్నావమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "ఏకాంతంగా" అంటున్నాను ఈమధ్య. కొన్ని రాత్రులు మొదటి మాటే నిజమనుకోండి. తెల్లవారి పూజకు పూలు కోస్తూంటే రెండోది నిజమవుతుంది.